ఐదు మాత్రల అమెరికా బాణీ

గద్వాల తగణం, వనపర్తి సలము. రెంటికీ ఐదేసి మాత్రలు. మా అమరచింత మాత్రం ఆరు మాత్రల ఊరు. గణవిభజన అనగానే ముఖం చిట్లించే విద్యార్థులకు ఈ పేర్లతోనే పాఠం ప్రారంభించడం నాకు అలవాటు. ద్విరదగతి రగడను బోధించవలసి వచ్చిననాడు మరొక ఉపాయం కూడ ఉన్నది. 1959 నాటి అమెరికా వాద్యగీతం ఒకటి వినిపిస్తాను. అందులో మాట ఒక్కటీ లేదు. అయినా కొంతసేపటికి వెనుక బల్లలవారు సైతం వ్రేళ్ళతో ఐదు లెక్కపెడుతూ కనిపిస్తారు.

ఆ గీతం పేరు ‘టేక్ ఫైవ్’. ఐదు నిమిషాలు పని ఆపి విశ్రమించుమని అమెరికావారి వాడుకలో దాని అర్థం. ఐదు మాత్రల లెక్కా అందులోనే ఇమిడి ఉన్నది. శ్లేష మన ప్రబంధకవుల సొత్తు మాత్రమే కాదు గదా!

జాజ్ అమెరికాలోని నల్లజాతివారి నడుమ పుట్టి పెరిగిన సంగీతం. దాని నడక సాధారణంగా నాలుగు మాత్రలది. పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ 1958లో తన బృందంతో అమెరికా ప్రభుత్వం పక్షాన పోలెండు, టర్కీ, భారతదేశం మొదలైన దేశాలు తిరిగాడు. ఇస్తాంబూలు వీధులలో తొమ్మిది మాత్రల నడక విని ఆశ్చర్యపడ్డాడు. మద్రాసులో ఆయన బృందంలోని డ్రమ్ముల వాద్యకారుడు జో మొరెల్లో, మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళైతో కలిసి వాయించాడు. ఈ ఐదు మాత్రలు మద్రాసు నుండే వెళ్ళినవని చెప్పుకోవాలని మనకు ఆశ కలుగవచ్చును, అది అతిశయోక్తి. ఐదు లెక్కమీద వాయించడం మొరెల్లోకు స్వయంగానే ఇష్టం. ఆ నడకలో ఒక రచన కావాలని కోరినవాడు అతడే. రచించినవాడు శాక్సఫోను వాయించే పాల్ డెస్మండ్. అతడు తెచ్చిన రెండు చిన్న బాణీలను జతపరచి ఒక రూపం కల్పించుమని బ్రూబెక్ సలహా చెప్పాడు.

వాయించడం మాత్రం సులభం కాలేదు. 1959 జూన్ 25న న్యూయార్కులో ఇరవైసార్లకు పైగా యత్నించి, లెక్క తప్పుతూ ఉండడంచేత విరమించారు. జూలై 1న కుదిరింది. ఆరితేరిన విద్వాంసులకే ఐదు అంత కష్టమైనదంటే, మా విద్యార్థులను నేను కోప్పడడం న్యాయమేనా?

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. మన ఖండచాపు ‘తక తకిట’. రెండు మీద మూడు. గద్వాల, వనపర్తి అట్లే విరుగుతాయి. టేక్ ఫైవ్ దీనికి విలోమం: ‘తకిట తక’. మూడు మీద రెండు. ‘భారతీ’, ‘పల్లకీ’ అనే మాటల విరుపు అది. పియానో మొదటినుండి తుదివరకు ఆ విరుపునే విసుగులేకుండ పలుకుతూ ఉంటుంది. దానిని ఊతగా పట్టుకొని శాక్సఫోను స్వేచ్ఛగా విహరిస్తుంది. నడుమ డ్రమ్ములు తమ విద్య చూపుతాయి. కొత్తవాని చెవి త్రోవ తప్పకపోవడానికి కారణం ఆ పియానోయే.

‘టైమ్ అవుట్’ అనే రికార్డులో ఇది 1959 డిసెంబరులో వెలువడింది. పరిచితమైన పాట ఒక్కటైనా లేని, లెక్కలన్నీ విచిత్రమైన రికార్డు అమ్ముడుపోదని కంపెనీ వర్తక విభాగం వారు శంకించారు. 1961లో చిన్న రికార్డుగా మళ్ళీ విడుదల చేయగా, బిల్‌బోర్డు పత్రిక పట్టికలో జనసామాన్యపు పాటల నడుమ 25వ స్థానానికి ఎక్కింది. 2011లో లాహోరు వాద్యకారులు సితారు, తబలాలతో దీనిని వాయించారు. ఆ వాయింపు బ్రూబెక్‌కు ఎంతో నచ్చింది.

ఊరూపేరూ లేని చాటుపద్యాన్ని శ్రీనాథుని ఖాతాలో వేయడం మనకు అలవాటే. ఈ గీతాన్నీ చాలామంది బ్రూబెక్ రచనగానే తలుస్తారు. డెస్మండ్ ఆ విషయంలో కలహించలేదు. తొలినాటి వివాహం విడాకులతో ముగిసిన తరువాత ఒంటరిగానే జీవిస్తూ, 1977లో మరణించే ముందు, తన రచనలపై వచ్చే రాబడిని అమెరికా రెడ్‌క్రాస్ సంస్థకు వ్రాసియిచ్చాడు.