టీచర్‌కు, విద్యార్థికి మధ్య హద్దు ఎక్కడ? సినిమా వేరు, చట్టం వేరు

అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల మండలంలో కొండల మీది ఊళ్ల పిల్లలు చాలామంది ఆశ్రమ పాఠశాలల్లోనే ఉండి చదువుకుంటారు. అక్కడ పాఠం చెప్పేదీ, జ్వరమొస్తే చూసేదీ, ఇంటికి పంపేదీ బడి సిబ్బందే. గురుకులాల్లో, హాస్టల్ ఉన్న మదర్సాల్లో చదివే మన పిల్లల పరిస్థితీ అంతే. పిల్లలు అన్నింటికీ పెద్దల మీదే ఆధారపడే చోట హద్దులు ఇంకా గట్టిగా ఉండాలి.

సినిమాల్లో ఇది సరదాగా కనిపిస్తుంది. ‘మై హూ నా’ (2004)లో టీచర్‌ను ప్రేమించే హీరో అసలు విద్యార్థే కాదు, ఆర్మీ మేజర్. తెలుగు ‘ప్రేమమ్’ (2016)లో కాలేజీ కుర్రాడు లెక్చరర్‌ను ఇష్టపడతాడు. కథలో ఎవరి మనసులో ఏముందో రచయితే చెప్పేస్తాడు. నిజం బడిలో మార్కులు, హాజరు, సెలవు అన్నీ టీచర్ చేతిలో ఉంటాయి. పిల్ల ‘సరే’ అన్నా అది ఇష్టమో, భయమో ఎవరు తేల్చగలరు?

అందుకే చట్టం ఆ లెక్కలోకే వెళ్లదు. 2012 నాటి పోక్సో చట్టంలో 18 ఏళ్లలోపు వారి అంగీకారం చెల్లదు. అబ్బాయిలకూ ఇదే రక్షణ. విద్యాసంస్థ లేదా మతసంస్థ సిబ్బంది చేస్తే నేరం మరింత తీవ్రం. అత్యాచారమైతే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 20 ఏళ్లు. తన కింద పనిచేసేవారి నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది వరకు జైలు.

ఇజ్జత్ పోతుందని పెద్దమనుషులు రాజీ చేస్తే? రాజస్థాన్‌లో ఒక టీచర్‌పై కేసును రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేసింది. ఆ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 నవంబర్ 7న రద్దు చేసింది. ఇలాంటి నేరం రెండు కుటుంబాల గొడవ కాదని తేల్చింది. పైగా పిల్లల పేరు, బడి, ఇల్లు మీడియాలో బయటపెట్టడం కూడా నేరమే. వాంగ్మూలం ఇంట్లోనే ఇవ్వొచ్చు, పోలీసులు యూనిఫాంలో రాకూడదు.

మరి గుర్తుపట్టేదెలా? రాత్రిపూట వాట్సాప్ మెసేజ్‌లు, ఒంటరిగా గదికి రమ్మనడం, ఒక్కరికే కానుకలు. అన్నిటికన్నా పెద్ద గుర్తు: ‘ఇంట్లో చెప్పకు’ అనే మాట. ఖల్వత్ వద్దని మన దీన్ చెప్పేదీ ఈ జాగ్రత్త కోసమే. మంచి ఉస్తాద్ తలుపు తెరిచే ఉంచుతారు.

ఉస్తాద్‌ను గౌరవించమని పిల్లలకు నేర్పుదాం. ఆయన తప్పు చేస్తే చెప్పొచ్చనీ నేర్పుదాం. పిల్ల నోరు విప్పితే ముందు నమ్మండి, తిట్టకండి. తర్వాత 1098కి ఫోన్ చేయండి.