రామదాసు బందిఖానా

శ్రీనగర్ కాలనీకి గోలకొండ కోట ఎంతో దూరం లేదు. కోటలో ఒక చీకటి గది ఉంది. అదే రామదాసు బందిఖానా. గోడమీద దేవుడి బొమ్మలు ఆయనే చెక్కాడంటారు.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. 1672లో గద్దెనెక్కిన తానీషా కొలువులో పాల్వంచ తహసీల్దారు. శిస్తు డబ్బుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. సర్కారు సొమ్ము అడక్కుండా వాడటం తప్పే కదా! తానీషా చెరలో పెట్టించాడు. పన్నెండేళ్లు ఉన్నాడని చెబుతారు.

అక్కడ రాముడి మీద పాటలు కట్టాడు. అన్నీ పొగడ్తలే అనుకోకండి. దెబ్బలకు ఓర్వలేక రాముణ్ణి తిట్టాడు. చేయించిన నగల ఖర్చంతా లెక్క చెప్పి నిలదీశాడు. మళ్లీ తనే, తిట్టానని బాధపడకు స్వామీ అని బతిమాలాడు. వినేవాడు ఎదురుగా ఉన్నాడని నమ్మితేనే కదా అలా పోట్లాడేది!

రామలక్ష్మణులే వచ్చి బాకీ కట్టి విడిపించారని కథ. 2006లో ‘శ్రీరామదాసు’ సినిమాలో అదే చూపించారు. ఆయన పాటలు ఇప్పటికీ భజనల్లో పాడతారు, తిట్లతో సహా.