లండన్‌లో జంటగా షాపింగ్

మా పిన్ని కొడుకు కౌలాలంపూర్‌లో నాలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో తన స్నేహితుడితో లండన్ వచ్చి నాలుగు రోజులు మా ఇంట్లో వున్నాడు. స్నేహితుడంటే మామూలు స్నేహితుడు కాదండీ, ఇద్దరూ నాలుగేళ్ళుగా కలిసి వుంటున్నారు. పిన్నికి ఇంకా తెలీదు.

"అన్నయ్యా, మ్యూజియాలొద్దు. మేమిద్దరం కలిసి వెళ్ళి కొనుక్కునే చోట్లు చూపించు" అన్నాడు. ఎమ్మెస్‌కని వచ్చి పన్నెండేళ్ళయినా నాకు తెలిసింది టెస్కో, సౌతాల్ కూరగాయల కొట్లూనే. వాళ్ళ పుణ్యమా అని నేనూ తెలుసుకున్నాను. మీ ఇంటికీ ఇలాంటి చుట్టాలు రావచ్చు కనుక రాస్తున్నాను.

ముందు రసెల్ స్క్వేర్. హీత్రూ నుంచి పికడిల్లీ లైనులో రైలు మారక్కర్లేదు. స్టేషన్‌కి కాస్త దూరంలో, మార్చ్‌మాంట్ వీధి 66వ నంబరులో, 1979లో పెట్టిన 'గేస్ ద వర్డ్' పుస్తకాల షాపు వుంది. కొట్టు చిన్నదే, కథే పెద్దది. 1984 ఏప్రిల్‌లో కస్టమ్స్ వాళ్ళు వచ్చి పడి, విదేశాల నుంచి తెప్పించిన పుస్తకాలు అశ్లీలమంటూ వేల పౌండ్ల సరుకు మోసుకుపోయారు. టెనెసీ విలియమ్స్, గోర్ విడాల్ పుస్తకాలు కూడా అందులో వున్నాయి! వాడిన చట్టమేమో 1876 నాటిది. డైరెక్టర్ల మీద కేసు పెట్టారు. జనం చందాలు వేసుకుని పోరాడితే 1986లో ఎత్తేశారు. 1984లోనే, సమ్మెలో వున్న బొగ్గుగని కార్మికుల కోసం డబ్బు పోగుచేసిన గే, లెస్బియన్ల బృందం మొదట్లో ఇక్కడే కలుసుకునేది. 2014లో వచ్చిన 'ప్రైడ్' సినిమా వాళ్ళ కథే. మావాడు గంటన్నర కదల్లేదు.

సోహోలో ఓల్డ్ కాంప్టన్ వీధి చాలా పేరున్నది. కొనేదానికన్నా చూసేదే ఎక్కువ. 1999 ఏప్రిల్ 30న ఇక్కడి అడ్మిరల్ డంకన్ పబ్బులో బాంబు పేలి ముగ్గురు పోయారు. దగ్గర్లోనే లిబర్టీ. గుడ్డలకి పేరు. ఆ భవనానికి వాడిన కలప రెండు పాత యుద్ధనౌకలదిట, అందులో ఒకదాని పేరు 'హిందుస్తాన్'. ధరలు చూసి బయటికొచ్చేశాం.

అసలు పని హాటన్ గార్డెన్‌లో. నగల షాపుల వీధి. ఇద్దరు మగవాళ్ళు జత ఉంగరాలు అడిగితే ఎలా చూస్తారోనని నాకే బెరుకు. షాపతను "సైజెంత?" అని తప్ప ఇంకేమీ అడగలేదు. మా వూళ్ళో అయితే "అమ్మాయి రాలేదా బాబూ?" అనేవారు. ఇక్కడ 2010 సమానత్వ చట్టం ప్రకారం గే అనో లెస్బియన్ అనో అమ్మకం నిరాకరించకూడదు.

ఒక్క జాగ్రత్త. పర్యాటకులకి 20 శాతం వ్యాట్ వెనక్కిచ్చే పద్ధతి ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సుల్లో 2021 జనవరి 1 నుంచి లేదు. షాపు వాళ్ళే నేరుగా విదేశానికి పంపితే వ్యాట్ లేకుండా ఇవ్వచ్చు, కానీ ఇష్టం వాళ్ళది, అక్కడి సుంకం మీది.

ఇంకో జాగ్రత్త మావాడు చెప్పాడు. మలేషియాలో 2023 మేలో స్వాచ్ షాపుల నుంచి 172 ఇంద్రధనుస్సు రంగుల గడియారాలు పట్టుకుపోయారు. ఆగస్టులో అలాంటివి నిషేధించి, మూడేళ్ళ దాకా జైలు పడొచ్చన్నారు. 2024 నవంబరులో కోర్టు గడియారాలు తిరిగిచ్చెయ్యమంది లెండి. అయినా మావాడు రిస్కు తీసుకోలేదు. ఉంగరాలు పెట్టుకెళ్ళాడు, పుస్తకాలు నా దగ్గరే వదిలేశాడు.

అవి మా హాల్లో షెల్ఫులో వున్నాయి. వచ్చే నెల పిన్ని లండన్ వస్తోంది. తీసి లోపల పెట్టనా అని ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "వుండనీ అన్నయ్యా" అన్నాడు.