చార్జింగు ఎక్కని ఫోను

పత్తి ఏరే రోజులు. పొద్దుగూకింది. అత్త చేను నుంచి ఇంటికి వచ్చింది. కాళ్లూ చేతులూ కడుక్కుంది. ఫోనుకు చార్జింగు పెట్టింది. చార్జింగు గుర్తు రాలేదు. వైరు తీసి మళ్లీ పెట్టింది. అయినా రాలేదు. ఫోనులో 2 శాతమే మిగిలింది. కాసేపటికి అదీ అయిపోయింది. ఫోను ఆగిపోయింది.

అత్తకు గుండె గుభేలుమంది. పొరుగూళ్లో ఉన్న కూతురికి నెలలు నిండాయి. ఏ రాత్రయినా కబురు రావచ్చు. కొడుకు లారీ మీద పోయాడు. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క ఫోనే. కొని ఏడేళ్లయింది.

"ఇంకేముంది, ఫోను పోయింది. కొత్తది కొనాలంటే ఎన్ని వేలో!" అంది అత్త.

"ముందు కబురు అందే దారి చూద్దాం అత్తయ్యా. వదిన వాళ్ల నంబరు ఎక్కడైనా రాసుకున్నారా?" అని కోడలు అడిగింది.

నంబర్లన్నీ ఆగిపోయిన ఫోనులోనే ఉన్నాయి. కానీ అత్త చదువు నేర్చుకున్న కొత్తలో ఆ నంబరును క్యాలెండరు వెనక రాసి పెట్టింది. తన చేత్తో రాసుకున్న పది అంకెలు. ఇద్దరూ పక్కింటి పిన్ని ఫోను నుంచి అల్లుడికి ఫోను చేశారు. "మా ఫోను పని చెయ్యడం లేదు. ఏమైనా ఉంటే ఈ నంబరుకు చెయ్యండి" అని చెప్పారు. అత్త మనసు కొంచెం కుదుటపడింది.

కరెంటు నడిచే దారి

"మడికి నీళ్లు రాకపోతే మనం ఏం చేస్తాం?" అని అడిగింది కోడలు.

"తూము దగ్గర్నుంచి కాలువ వెంట నడిచి చూస్తాం. ఎక్కడో గండి పడి ఉంటుంది. లేదా చెత్త అడ్డం పడి ఉంటుంది."

"ఫోను కూడా అంతే. కరెంటు దారి వెంట నడిచి చూద్దాం."

ఆ దారిలో ఐదు మజిలీలు ఉన్నాయి. మొదటిది గోడకున్న ప్లగ్గు. రెండోది చార్జరు. మూడోది వైరు. నాలుగోది ఫోనుకు అడుగున ఉన్న రంధ్రం. ఐదోది బ్యాటరీ. వీటిని వరసగా చూడాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే తప్పు ఎక్కడుందో తెలియదు.

ప్లగ్గు, చార్జరు

ముందు ప్లగ్గులో కరెంటు ఉందా చూడాలి. అదే ప్లగ్గులో టేబుల్ ఫ్యాను పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఫ్యాను తిరిగితే ప్లగ్గు మంచిదే.

మన ఇళ్లలోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. అంత కరెంటు నేరుగా తగిలితే ఫోను కాలిపోతుంది. మామూలు చార్జరు దాన్ని 5 వోల్టులకు తగ్గించి ఫోనుకు ఇస్తుంది. చార్జరు కొద్దిగా వెచ్చబడడం మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా మంచిది కాదు. వెంటనే స్విచ్చి ఆపాలి. ఆ చార్జరును మళ్లీ వాడకూడదు.

అత్త చార్జరునూ వైరునూ పిన్ని ఫోనుకు పెట్టి చూశారు. చార్జింగు గుర్తు వచ్చింది. అంటే ప్లగ్గు, చార్జరు, వైరు మూడూ మంచివే. తప్పు అత్త ఫోనులోనే ఉందన్నమాట.

వైరు

చాలా ఇళ్లలో మొదట పాడయ్యేది వైరే. పైకి బాగానే కనబడుతుంది. లోపల సన్నని రాగి తీగలు తెగి ఉంటాయి. మెడ దగ్గర వంచీ వంచీ తీగ తెగుతుంది. వైరును ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే చార్జింగు ఎక్కుతుందా? అయితే వైరు పని అయిపోయి ఉండవచ్చు, లేదా ఫోను రంధ్రం వదులై ఉండవచ్చు. ఇంకో వైరు పెట్టి చూస్తే ఏదో తెలిసిపోతుంది. వైరు మార్చడం తక్కువ ఖర్చు. అందుకే ఫోను బాగుచేయించే ముందు వైరు మార్చి చూడాలి.

వైరును తీసేటప్పుడు తీగ పట్టుకుని లాగకూడదు. గట్టి కొసను పట్టుకుని తియ్యాలి.

పాత ఫోన్లలో చాలావాటికి వైరు కొస ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క సన్నగా ఉంటుంది. అది ఒక్క తీరుగానే దూరుతుంది. తిరగేసి బలంగా నెడితే రంధ్రం లోపల ఉన్న చిన్న నాలుక విరుగుతుంది. కొత్త ఫోన్ల వైరును టైప్-సి అంటారు. అది ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది.

రంధ్రంలో ఏముంది?

పిన్ని తన ఫోను లైటు వేసింది. కోడలు అత్త ఫోను రంధ్రంలోకి తొంగి చూసింది. లోపల తెల్లగా ఏదో కనబడింది.

"అత్తయ్యా, చేలో ఫోను ఎక్కడ పెట్టుకున్నారు?"

"ఇంకెక్కడ? పత్తి ఏరి వేసుకునే ఒడిలోనే."

సంగతి తెలిసింది. రంధ్రంలో పత్తి నూగు చేరింది. వైరు పెట్టినప్పుడల్లా అది ఇంకా లోపలికి కూరుకుపోయింది. వైరు కొస చివరిదాకా పోవడం లేదు. కాలువకు చెత్త అడ్డం పడినట్టే.

అత్త గాజులకున్న పిన్నీసు తీసింది. కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది. పిన్నీసు ఇనుము. లోపలి నాలుకనూ, దాని మీది సన్నని రేకులనూ గీస్తుంది, విరుస్తుంది. సూది కూడా పనికిరాదు. నోటితో ఉఫ్‌మని ఊదకూడదు. ఊపిరిలోని తడి లోపలికి పోతుంది. నీళ్లు, కిరసనాయిలు అసలే వాడకూడదు.

కోడలు ఎండిన సన్న చీపురుపుల్ల తీసుకుంది. ఫోను ఆగిపోయే ఉంది. వైరు కూడా పెట్టి లేదు. రంధ్రాన్ని కిందికి వంచి పట్టుకుంది. నాలుకకు తగలకుండా అంచుల వెంట పుల్లతో మెల్లగా గీకింది. కొద్దికొద్దిగా నూగు బయటికి వచ్చింది. చివరికి చిన్న ఉండంత అయింది.

మళ్లీ వైరు పెట్టింది. ఈసారి టక్కుమని లోపలిదాకా పోయింది. చార్జింగు గుర్తు వచ్చింది. అత్త ముఖం వెలిగింది. పైసా ఖర్చు కాలేదు.

అయినా చార్జింగు ఎక్కకపోతే?

ఫోను చాలా రోజులు చార్జింగు లేకుండా పడి ఉంటే గుర్తు వెంటనే రాకపోవచ్చు. అరగంట అలాగే ఉంచి చూడాలి. తరవాత పవరు బటన్ను కొంచెంసేపు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. కొన్ని ఫోన్లు అప్పుడు లేస్తాయి.

ఎండలో, పొయ్యి పక్కన పెట్టిన ఫోను బాగా వేడెక్కుతుంది. అప్పుడు ఫోను తనంతట తానే చార్జింగు ఆపుకుంటుంది. నీడలో పెట్టి చల్లారనివ్వాలి. ఫ్రిజ్జులో పెట్టకూడదు.

ఫోను తడిస్తే వెంటనే చార్జింగు పెట్టకూడదు. తుడిచి, గాలి తగిలేచోట బాగా ఆరనివ్వాలి. బియ్యంలో పెట్టడం మంచిది కాదు. తవుడూ నూకలూ రంధ్రంలో దూరతాయి.

ఇవన్నీ చేసినా చార్జింగు ఎక్కకపోతే రంధ్రమో, బ్యాటరీయో పాడై ఉండవచ్చు. షాపువాళ్లు ఆ రంధ్రాన్ని చార్జింగు పిన్ను అంటారు. దాన్ని మార్చవచ్చు. బ్యాటరీని కూడా మార్చవచ్చు. ఏ బ్యాటరీకైనా కొన్ని వందలసార్లు చార్జింగు పెట్టాక బలం తగ్గుతుంది.

ఉబ్బిన బ్యాటరీతో జాగ్రత్త

ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో ఈ రకం బ్యాటరీలు మొదటిసారి అమ్మకానికి వచ్చాయి. చిన్నవే అయినా చాలా శక్తిని దాచుకుంటాయి. పాడైతే లోపల గ్యాసు చేరి ఉబ్బుతాయి. ఫోను వెనక మూత లేచినా, అద్దం పైకి వచ్చినా బ్యాటరీ ఉబ్బిందేమో అని అనుమానించాలి.

అలాంటి ఫోనుకు చార్జింగు పెట్టకూడదు. బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు. మంట అంటుకోవచ్చు. పొయ్యిలోగానీ చెత్తకుప్పలోగానీ వెయ్యకూడదు. పిల్లలకు అందకుండా ఉంచి షాపుకు తీసుకుపోవాలి. ఇది ఇంట్లో బాగుచేసుకునే పని కాదు.

షాపుకు పోయేటప్పుడు

సిమ్ కార్డు తీసి ఇంట్లో దాచుకోవాలి. దాన్ని ఇంట్లోవాళ్ల ఇంకో ఫోనులో వేస్తే ఫోన్లూ మెసేజీలూ అందులోకి వస్తాయి. డబ్బులు పంపే పిన్ నంబరు ఎవరికీ చెప్పకూడదు. బాగుచెయ్యడానికి ఆ నంబరుతో పనే లేదు. "ఏం పాడైంది? ఎంత అవుతుంది?" అని ముందే అడగాలి. "వైరు మార్చి చూశాం, రంధ్రం శుభ్రం చేశాం" అని చెప్పాలి. తెలిసి అడిగే మనిషిని మోసం చెయ్యడం కష్టం.

కొత్త చార్జరు కొంటే దాని మీద బి.ఐ.ఎస్. గుర్తు ఉందా అని చూడాలి.

ఆ రాత్రి అత్త ఫోనును దిండు కింద పెట్టుకోలేదు. వేడెక్కుతుందని గూట్లో పెట్టింది. తెల్లవారుజామున ఫోను మోగింది. అల్లుడి గొంతు. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

మర్నాటి నుంచి అత్త ఫోనును చిన్న గుడ్డసంచిలో వేసి, మూతి కట్టి చేనుకు తీసుకుపోతోంది.

చెయ్యండి

మీకు ముఖ్యమైన మూడు నంబర్లు కాగితం మీద రాయండి. వాటి కింద 108, 112 కూడా రాయండి. 108 అంబులెన్సుకు. 112 ఏ ఆపదకైనా. ఆ కాగితాన్ని గోడకు అంటించండి. ఫోను ఆగిపోయినా మీ చేతి రాత ఆగిపోదు.