సరస్సు ఒడ్డున తొందర పనికిరాదు

వేసవి వస్తే కుటుంబంతో సహా ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్ళిరావడం మనవాళ్ళకు పాత అలవాటే. ఇప్పుడు కుర్రకారు చూపు ఇంకా పైకి, హిమాలయాల మీదికి మళ్ళింది. లడఖ్‌లో త్సో మొరీరీ అనే సరస్సు ఉంది. దాని ఒడ్డున గుడారాలు వేసుకుని, చుట్టూ ఉన్న మెంటోక్ కాంగ్రీ, చాంసర్ కాంగ్రీ వంటి ఆరు వేల మీటర్లు దాటిన శిఖరాలు ఎక్కి రావాలని మన ఊళ్ళనుంచి కూడా పిల్లలు బయలుదేరుతున్నారు. సంతోషించవలసిన విషయమే. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆ తర్వాత ఇక "మనవల్ల ఏమవుతుంది" అనే మాటకు చోటు లేదు.

అయితే బూట్లు, కోట్లు, తాళ్ళు, కెమెరాల గురించి నెలల ముందునుంచీ ఆలోచించేవారు కూడా ఒక్క విషయం మరచిపోతూ ఉంటారు. ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకోబోతున్నాం? కొండల్లో ఆరోగ్యం చాలావరకు ఈ ప్రశ్నకు చెప్పుకునే జవాబు మీదనే ఆధారపడి ఉంటుంది.

గాలి పలచబడితే...

సముద్రతీరంలో ఉన్నా, హిమాలయాల్లో ఉన్నా గాలిలో ప్రాణవాయువు పాలు 21 శాతమే. కాని పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. ఊటీ సుమారు 2,240 మీటర్లు. అక్కడిదాకా మన ఒంటికి పెద్దగా ఇబ్బంది తెలియదు. సాధారణంగా 2,500 మీటర్లు దాటాకనే చిక్కులు మొదలవుతాయి. లే పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉంది. త్సో మొరీరీ 4,522 మీటర్లు. అక్కడ ఒక్కొక్క ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి ప్రెషర్ కుక్కర్ లేకపోతే అన్నం కూడా సరిగా ఉడకదు.

ఈ లోటుకు శరీరం అలవాటు పడగలదు. ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తంలోని రసాయనాల సమతూకాన్ని మూత్రపిండాలు సరిచేస్తాయి. అయితే ఇదంతా గంటల్లో జరిగే పని కాదు, రోజులు పడుతుంది. ఢిల్లీలో విమానం ఎక్కి గంటన్నర తిరగకుండానే లేలో దిగినవాడి శరీరం ఇంకా ఢిల్లీలోనే ఉన్నట్లు లెక్క.

"నేను తిరుమల మెట్లన్నీ ఎక్కడా ఆగకుండా ఎక్కాను, రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతాను, నాకేం భయం?" అని అడిగే యువకులున్నారు. ఆ పరీక్ష ఇక్కడ చెల్లదు. ఎత్తు జబ్బు కండబలాన్ని చూసి వెనక్కి తగ్గదు. మన సైనిక వైద్యులు 1,925 మంది సైనికులలో ఈ జబ్బును పరిశీలించి 1969లో ఒక వ్యాసం ప్రచురించారు. ప్రపంచమంతటా వైద్యులు దాన్ని నేటికీ ప్రస్తావిస్తారు. జబ్బుపడ్డవారు ముసలివారూ కాదు, రోగిష్ఠులూ కాదు. నిజానికి బలమున్నవాడే తొందరపడి ముందు పైకి పోతాడు, ముందు చిక్కులో పడతాడు.

మూడు మెట్లు

మొదటిది తలనొప్పి. దానితోపాటు వికారం, ఆకలి మందగించడం, నీరసం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. పైకి చేరిన ఆరు గంటలనుంచి పన్నెండు గంటల లోపల మొదలుకావచ్చు. విశ్రాంతి తీసుకుంటే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు తగ్గిపోతుంది. తగ్గేవరకు ఒక్క అడుగు కూడా పైకి వేయకూడదు.

రెండవది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. సాధారణంగా రెండో రాత్రికీ నాలుగో రాత్రికీ మధ్య బయటపడుతుంది. కూర్చున్నా ఆయాసం, పొడి దగ్గు, పెదవులు నీలం తిరగడం, తరవాత నురుగుతో కూడిన ఎర్రని కఫం దీని గుర్తులు. "జలుబు చేసింది, తగ్గిపోతుంది" అనుకుని దుప్పటి కప్పి పడుకోబెడితే తెల్లవారేసరికి ప్రాణాపాయం కావచ్చు.

మూడవది మెదడు వాపు. మనిషి తాగినవాడిలా తూలుతాడు, పొంతనలేని మాటలాడతాడు. అనుమానం వస్తే నేలమీద ఒక గీత గీసి, మడమకు బొటనవేలు ఆనేటట్లు పది అడుగులు నడిపించండి. తూలితే ఇక ఆలోచించవలసింది లేదు.

ఈ చివరి రెండింటికీ అసలు వైద్యం కిందికి దింపడమే. అర్ధరాత్రయినా సరే, మంచు కురుస్తున్నా సరే, దింపే దారి ఉంటే వెంటనే దింపాలి. ప్రాణవాయువు సిలిండరు, ఇంజెక్షన్లు ఆ పనికి తోడు మాత్రమే. మందుల షాపుల్లో దొరికే చిన్న ప్రాణవాయువు డబ్బా కొద్ది నిమిషాలలో అయిపోతుంది. దాన్ని నమ్ముకోకండి. కర్పూరం వాసన చూస్తే పోతుందనే నమ్మకమూ మనలో ఉంది. కర్పూరం ముక్కుకు చల్లగా ఉంటుందే కాని రక్తంలో ప్రాణవాయువును పెంచదు.

సరస్సు దగ్గర ఇంకో చిక్కు

త్సో మొరీరీ నాలుగువైపులా కొండలున్న పెద్ద పళ్ళెం వంటి చోట ఉంది. ఒడ్డున ఉన్న కోర్జోక్ గ్రామంనుంచి లేకు తిరిగి రావాలంటే రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఆ దారిలో సరస్సుకంటే ఎత్తైన కనుమను ముందు దాటాలి. అంటే, కిందికి దిగాలంటే ముందు పైకి ఎక్కాలన్నమాట! కాబట్టి ఇక్కడికి జబ్బుతో చేరకూడదు. తలనొప్పి ఉన్నవాడు కింది మజిలీలోనే ఆగిపోవాలి.

ప్రయాణం కాగితాన్ని మందు చీటీలా చదవండి

3,000 మీటర్లు దాటిన తర్వాత ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ నిద్రించే ఎత్తులో తేడా 500 మీటర్లకు మించకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒకరోజు విశ్రాంతి ఉండాలి. పగలు కొంచెం పైకి వెళ్ళి రాత్రికి కిందికి వచ్చి పడుకోవడం మంచిదే. ఈ సూత్రం ప్రకారం లేలో మూడు రాత్రులు, సింధునది ఒడ్డున సుమారు 4,000 మీటర్ల ఎత్తులో ఉన్న చూమథాంగ్‌లో రెండు రాత్రులు, కోర్జోక్‌లో మూడు రాత్రులు గడిపిన తర్వాతే శిఖరం మాట ఎత్తాలి. రానుపోను కలిపి రెండు వారాలు పడుతుంది. వారం సెలవుతో సరస్సు చూసి రావడమే కష్టం, ఇక శిఖరం మాట చెప్పనక్కరలేదు.

మనాలీ మీదుగా రోడ్డున వెళితే అలవాటవుతుందని కొందరంటారు. ఆ దారిలో చాలామంది రెండో రాత్రే 4,200 మీటర్లు దాటిన సర్చూలో పడుకుంటారు. అదీ తొందరే.

మీ పిల్లలు వెళతామంటే వద్దని కేకలేయకండి. ప్రయాణం కాగితం అడిగి తీసుకుని, ఒక్కొక్క రాత్రి ఎదురుగా ఎత్తు రాయించండి. వెంట సిలిండరు ఉంటుందా, రాత్రివేళ జీపు సిద్ధంగా ఉంటుందా అని డబ్బు కట్టకముందే నిర్వాహకులను అడగండి.

వెళ్ళేముందు డాక్టరుకు చూపించుకోండి. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు ఈ ప్రయాణం మానుకోవాలి. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారు వెళ్ళనే కూడదు. ఆ లక్షణం ఒక తల్లిదండ్రుల వైపునుంచి మాత్రమే సంక్రమించినవారికి కూడా ప్లీహం దెబ్బతినవచ్చు. మన ఏజెన్సీ ప్రాంతాలవారు ముందుగా రక్తపరీక్ష చేయించుకోవాలి. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ గడ్డకట్టకుండా ఒంటికి ఆనించి ఉంచుకోవాలి.

ఎసిటజోలమైడ్ మాత్ర అలవాటుపడే పనిని త్వరపరుస్తుంది. పెద్దలకు మామూలుగా 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజునుంచి ఇస్తారు. వేళ్ళు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువగా రావడం దీనితో మామూలే. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బున్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఎవరైనా డాక్టరు సలహాతోనే వాడాలి. మద్యం, నిద్రమాత్రలు ముట్టవద్దు. నల్లకళ్ళద్దాలు తప్పనిసరి. మంచుమీద ఎండ కళ్ళను కాల్చేస్తుంది.

2020 తర్వాత చాలా ఇళ్ళలో వేలికి పెట్టే ఆక్సిమీటరు చేరింది. తీసుకువెళ్ళవచ్చు. అయితే 4,500 మీటర్ల ఎత్తున ఆరోగ్యవంతుడికి కూడా అది 85 చూపించవచ్చు, వేలు చల్లబడితే ఇంకా తప్పు చెప్పవచ్చు. అంకె బాగుంది కదా అని ఆయాసపడుతున్న మనిషిని వదిలేయకండి.

ఎవరెస్టు ఎక్కినవారు కూడా వారాల తరబడి కింది మకాముల్లో గడిపి, ఎక్కుతూ దిగుతూ ఒంటిని అలవాటు చేసుకున్నవారే. సెలవు చాలకపోతే ఈ ఏడు సరస్సు చూసి రండి. శిఖరానికి వచ్చే ఏడు రెండు వారాలు తీసుకోండి.