రాగిరేకు నుండి సి.డి. వరకు

తిరుమల శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయంలో సంకీర్తన భండారమనే చిన్న రాతి అర ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) ముప్పది రెండువేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యులు ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి ఆ అరలో భద్రపరచారు. 20వ శతాబ్దిలో అవి వెలుగులోకి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల కృషితో ఆ సాహిత్యం గ్రంథరూపం పొందింది. ఆ రేకులపై పాటలకు రాగాల పేర్లు ఉన్నాయి; కాని స్వరలిపి లేదు. అందుచేత అన్నమయ్య ఏ బాణీలో పాడాడో నేడు నిశ్చయంగా తెలుసుకొనే వీలు లేదు. రాళ్ళపల్లి వంటి విద్వాంసులు అనేక సంకీర్తనలకు నూతనంగా స్వరరచన చేయవలసి వచ్చింది. రాగి మాటను దాచగలిగింది, గొంతును దాచలేకపోయింది.

గొంతును దాచే విద్య 1877లో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫుతో ఆరంభమైంది. ఆ తరువాత గ్రామఫోను రికార్డు, అయస్కాంతపు టేపు వచ్చాయి. 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు సి.డి.ని విపణిలోకి తెచ్చాయి. అయితే మొదట్లో సి.డి.ని కర్మాగారంలోనే ముద్రించేవారు. సామాన్యుడు దానిని వినగలిగేవాడే తప్ప వ్రాయగలిగేవాడు కాదు. 1988లో జపానుకు చెందిన తైయో యూడెన్ సంస్థ వ్రాయడానికి వీలైన సి.డి.ని రూపొందించడంతో ఆ పరిమితి తొలగింది. 2000 తరువాతి సంవత్సరాలలో సి.డి. రైటరు అనే పరికరం ఇంటి కంప్యూటరులోనికి ప్రవేశించింది.

తిరుపతికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని రేణిగుంటకు కూడా ఈ మార్పు చేరింది. నాడు చిత్తూరు జిల్లాలోను, 2022 నుండి తిరుపతి జిల్లాలోను ఉన్న ఈ ఊరు చెన్నై–ముంబయి, గూడూరు–కాట్పాడి రైలు మార్గాలు కలిసే కూడలి. ఇటువంటి ఊళ్ళలోని ఇండ్లలో విలువైన క్యాసెట్లు ఎన్నో ఉండేవి. ఒక ఇంటిలో అవ్వ పాడిన గంగమ్మ జాతర పాటలు, పెండ్లి పాటలు 60 నిమిషాల క్యాసెట్టులో ఉన్నాయని భావించవచ్చు. అవి ఏ పుస్తకంలోనూ లేవు. అవ్వ గతించింది. టేపు చిక్కుపడినా, దానికి బూజు పట్టినా ఆ గొంతు మరి వినిపించదు. అటువంటి క్యాసెట్టును సి.డి.గా మార్చుకోవడానికి ఇంటివారికి తెలియవలసిన విషయాలు మూడు: సి.డి. స్వరూపం, రైటరును అమర్చే విధానం, వ్రాసే విధానం.

సి.డి. వ్యాసం 120 మిల్లీమీటర్లు; మందం 1.2 మిల్లీమీటర్లు. దాని అడుగుభాగం పారదర్శకమైన పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దానిపైన పలుచని రంగుపూత, ఆ పైన కాంతిని ప్రతిఫలింపజేసే లోహపు పొర, అన్నిటికంటె పైన రక్షణపూత ఉంటాయి. ప్లాస్టిక్‌లో లోపలి అంచు నుండి వెలుపలికి చుట్టలు చుట్టుకొంటూ సాగే సన్నని గాడి ఉంటుంది. ఒక చుట్టకు, పక్క చుట్టకు మధ్య దూరం 1.6 మైక్రాన్లు మాత్రమే. ఒక మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ గాడిని విప్పి చాచగలిగితే అది 5 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. అంటే తిరుపతి దారిలో సగం దూరం!

రైటరులో కంటికి కనిపించని లేజరు కిరణం ఉంటుంది. దాని తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. వ్రాసేటప్పుడు ఈ కిరణం బలంగా ప్రసరించి రంగుపూతను అక్కడక్కడ వేడిచేస్తుంది. వేడి తగిలినచోట పూత మారిపోయి కాంతిని తక్కువగా ప్రతిఫలింపజేస్తుంది. తగలనిచోట యథాతథంగా మెరుస్తుంది. ఈ మార్పుల వరుసయే సమాచారం. చదివేటప్పుడు అదే కిరణం మంద్రంగా ప్రసరించి, తిరిగివచ్చే కాంతిలోని హెచ్చుతగ్గులను గ్రహిస్తుంది. ఈ విధంగా పూతను వేడితో మార్చి వ్రాయడం వల్లనే ఈ పనికి ‘బర్న్ చేయడం’ అనే పేరు వచ్చింది.

ఇంటి అవసరాలకు దొరికే ఖాళీ డిస్కులు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది సి.డి.–ఆర్. దీనిపై ఒక్కసారి వ్రాసినదానిని చెరిపివేయలేము. రెండవది 1997లో వచ్చిన సి.డి.–ఆర్.డబ్ల్యు. దీనిలో రంగుపూతకు బదులు ఒక మిశ్రలోహం ఉంటుంది. అందువల్ల దీనిని సుమారు వెయ్యిసార్లు చెరిపి తిరిగి వ్రాయవచ్చు. చెరిపే వీలు సౌకర్యమే కాని, పదిలపరచుకోవలసిన పాటల విషయంలో అదే ప్రమాదం. అవ్వ పాటకు తగినది సి.డి.–ఆర్. మాత్రమే.

ఇక రైటరును అమర్చే విధానం. 2000–2005 నాటి కంప్యూటర్లలో దీనిని ఐ.డి.ఇ. పద్ధతిలో కలిపేవారు. ముందుగా కంప్యూటరును ఆపి, విద్యుత్తు ప్లగ్గును గోడ నుండి తీసివేయాలి. క్యాబినెట్ పక్క రేకు విప్పిన తరువాత దాని లోహభాగాన్ని చేతితో ఒకసారి తాకాలి. శరీరంలో చేరిన స్థిరవిద్యుత్తు దీనితో తొలగిపోతుంది; లేనియెడల సున్నితమైన భాగాలు దెబ్బతినవచ్చు. ముందుభాగంలోని 5.25 అంగుళాల ఖాళీ అరలో రైటరును ముందునుండి లోపలికి నెట్టి, ఇరువైపులా స్క్రూలు బిగించాలి. రైటరుతో పాటు ఇచ్చిన పొట్టి స్క్రూలనే వాడాలి. పొడవైనవి లోపలి భాగాలకు తగిలి హాని చేస్తాయి.

రైటరు వెనుక జంపర్ అనే చిన్న బిరడా ఉంటుంది. ఒక కేబుల్‌కు రెండు పరికరాలు తగిలించినప్పుడు ఒకటి ‘మాస్టర్’గా, మరొకటి ‘స్లేవ్’గా ఉండాలి. రెండూ ఒకే స్థానంలో ఉంటే కంప్యూటరు వాటిని గుర్తించలేక తికమకపడుతుంది. హార్డ్ డిస్కును ఒక కేబుల్‌కు, రైటరును మరొక కేబుల్‌కు తగిలించడం ఉత్తమం. తరువాత 40 పిన్నుల వెడల్పాటి కేబుల్‌ను తగిలించాలి. దాని ఎర్ర గీత ఉన్న అంచు ఒకటవ పిన్నును సూచిస్తుంది. సాధారణంగా అది విద్యుత్తు సాకెట్ వైపు ఉంటుంది. చివరిగా నాలుగు తీగల విద్యుత్తు ప్లగ్గును కలపాలి. ఇందులో పసుపు తీగ 12 వోల్టులను, ఎర్ర తీగ 5 వోల్టులను అందిస్తాయి. రెండు నల్ల తీగలు భూసంధానం కొరకు. తదనంతర కాలంలో వచ్చిన సాటా కేబుళ్ళకు జంపర్లతో పని లేదు. యు.ఎస్.బి. రైటరుకైతే క్యాబినెట్ విప్పవలసిన పనియే లేదు.

క్యాసెట్టులోని పాట నేరుగా సి.డి.కి ఎక్కదు. టేపురికార్డరు నుండి ఒక తీగను కంప్యూటరు వెనుక ఉన్న ‘లైన్ ఇన్’ రంధ్రానికి కలిపి, పాటను ఆద్యంతం వినిపిస్తూ రికార్డు చేయాలి. కంప్యూటరు ఆ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. రెండు చానళ్ళ ధ్వనికి ఈ లెక్కన నిమిషానికి సుమారు 10 మెగాబైట్ల స్థలం కావాలి. ఖాళీ సి.డి.లో 80 నిమిషాల ఆడియో లేదా 700 మెగాబైట్ల సమాచారం పడుతుంది. కనుక 60 నిమిషాల క్యాసెట్టుకు ఒక సి.డి. చాలు, 90 నిమిషాల క్యాసెట్టుకు రెండు అవసరం.

వ్రాయడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేరు ఉండాలి. ఆ కాలంలో జర్మనీకి చెందిన నీరో బహుళ ప్రచారం పొందింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో వ్రాసే సౌకర్యం సహజంగానే ఉండేది. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. ‘ఆడియో సి.డి.’గా వ్రాస్తే మామూలు సి.డి. ప్లేయరులోనూ పాట వినవచ్చు. ‘డేటా సి.డి.’గా వ్రాస్తే పాటలతో పాటు ఛాయాచిత్రాలను, పాటల సాహిత్యాన్ని కూడా చేర్చవచ్చు. డేటా సి.డి.లోని ఫైళ్ళ పేర్లకు 1988 నాటి ఐ.ఎస్.ఒ. 9660 ప్రమాణం మొదటి స్థాయిలో ఎనిమిది ఆంగ్లాక్షరాలకు మించి చోటివ్వలేదు. మైక్రోసాఫ్ట్ రూపొందించిన ‘జోలియట్’ విధానంలో యూనికోడ్ అక్షరాలతో 64 వరకు వ్రాయవచ్చు. ‘అవ్వ పాడిన అప్పగింతల పాట’ అని తెలుగులోనే పేరు పెట్టడానికి వీలు కల్పించేది ఇదే.

వ్రాత ఆరంభమైన తరువాత రైటరుకు సమాచారం ఎడతెగకుండా అందాలి. మధ్యలో ధార తెగితే డిస్కు వ్యర్థమయ్యేది. 2000లో సాన్యో సంస్థ తెచ్చిన ‘బర్న్ ప్రూఫ్’ పరిజ్ఞానం, ధార తెగినచోట ఆగి అక్కడినుండే కొనసాగించే వీలు కలిగించింది. అయినను విద్యుత్తు పోతే ఆ ఉపాయమూ పనిచేయదు. వేసవి కోతలు అలవాటైన ప్రాంతంలో యు.పి.ఎస్. ఉండటం మేలు. యు.పి.ఎస్.కు ప్రాణం బ్యాటరీ. 1985లో స్థాపితమైన అమరరాజా బ్యాటరీల సంస్థ రేణిగుంట సమీపంలోని కరకంబాడిలోనే ఎదగడం ఇక్కడ గమనార్హం. విద్యుత్తు పోయి, వ్రాత చెడి, చివరకు ఆటో అద్దానికో, పిట్టలను బెదిరించడానికి పొలంలోని దారానికో వేలాడిన సి.డి.లు తెలుగునాట ఎన్నో.

వేగం విషయంలోనూ సంయమనం అవసరం. ఒకటవ వేగమంటే సెకనుకు 150 కిలోబైట్లు. నిండు డిస్కును వ్రాయడానికి ఆ వేగంలో 80 నిమిషాలు, 16 రెట్ల వేగంలో సుమారు 5 నిమిషాలు పడుతుంది. డిస్కుపై ముద్రించిన వేగాన్ని మించరాదు. పని ముగిశాక ‘వెరిఫై’ అనే ఆదేశమిస్తే, వ్రాసినదానిని కంప్యూటరు చదివి మూలంతో పోల్చి చూస్తుంది. మూల క్యాసెట్టును పారవేయడం కాని, కంప్యూటరులోని ప్రతిని చెరపడం కాని ఈ పరీక్షకు ముందు తగదు.

చాలామంది డిస్కు అడుగుభాగాన్నే సున్నితమని భావిస్తారు. వాస్తవానికి పేరు వ్రాసే పైభాగమే ఎక్కువ సున్నితం. అడుగున ప్లాస్టిక్ మందంగా ఉంటుంది. చిన్న గీతలు పడినా తప్పులను సవరించుకొనే గణిత పద్ధతి ఆ లోపాన్ని పూరిస్తుంది. పైన పలుచని పూత కిందనే లోహపు పొర ఉంటుంది. అది గీసుకుపోతే సమాచారం తిరిగి రాదు. కనుక బాల్ పెన్నుతో కాక మెత్తని మార్కర్ పెన్నుతోనే పేరు వ్రాయాలి. రంగుపూతకు వేడి, ఎండ శత్రువులు. వేసవిలో రేణిగుంటలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం పరిపాటి. మిద్దెమీది గదిలోనో, కిటికీ పక్కనో పెట్టిన డిస్కు త్వరగా చెడిపోతుంది. పెట్టెలో నిలువుగా, చల్లని చీకటి చోట ఉంచిన డిస్కు దీర్ఘకాలం నిలుస్తుంది.

ఈ పరికరంతో ఇతరుల శ్రమను అపహరించడమూ సులభమే. చలనచిత్ర గీతాలను, సాఫ్ట్‌వేరును అనుమతి లేకుండా ప్రతులు తీసి అమ్మడం 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం నేరం. సాధనం ఒక్కటే, ఒకచోట అది వారసత్వాన్ని నిలుపుతుంది, మరొకచోట కళాకారుని జీవనోపాధిని హరిస్తుంది.

కాలక్రమంలో సి.డి. ప్రాభవం తగ్గింది. నోయిడా కేంద్రంగా ఖాళీ డిస్కులను భారీగా తయారుచేసిన మోసర్ బేర్ సంస్థను మూసివేసి ఆస్తులను పరిష్కరించాలని 2018లో ట్రిబ్యునల్ ఆదేశించింది. నేటి ల్యాప్‌టాపులలో అధికభాగం సి.డి.ని చదివే అర లేకుండానే వస్తున్నాయి. ఇరవై ఏండ్ల కిందట వ్రాసిన డిస్కులలో కొన్ని ఇప్పటికే మూగబోయాయి. కొన్ని ఇంకా పలుకుతున్నాయి. పలుకుతున్నవానిని యు.ఎస్.బి. రైటరుతో చదివి, హార్డ్ డిస్కుకు, మరొక చోటికి కూడా ప్రతులు తీసి ఉంచడం తక్షణ కర్తవ్యం.

తాళ్ళపాకవారి రేకులు రాగివి కావడం వల్లనే మనదాకా చేరాయనడం అర్ధసత్యం. వాటిని వెలికితీసి, చదివి, ప్రతులు వ్రాసి, అచ్చువేసినవారు ఉండబట్టే పాట మరల జనుల నోటికి వచ్చింది. రాగికే ఆ అవసరం కలిగినప్పుడు, రంగుపూతకు కలగడంలో వింత లేదు. ఏ పదార్థమూ శాశ్వతం కాదు. ఒక తరం తాను అందుకొన్నదానిని చెడకముందే మరొక ప్రతిగా మార్చి తరువాతి తరానికి అందించినంత కాలమే గొంతు నిలుస్తుంది.

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సి.డి.పై సమాచారం ఎట్లా లిఖితమవుతుందో వివరించండి.
2. ఇంటి కంప్యూటరులో సి.డి. రైటరును అమర్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను తెల్పండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. “రాగి మాటను దాచగలిగింది, గొంతును దాచలేకపోయింది” – దీనిలోని అంతరార్థమేమి?
2. పదిలపరచవలసిన పాటలకు సి.డి.–ఆర్. ఎందుకు తగినది?
3. డిస్కు పైభాగం ఎక్కువ సున్నితమనడానికి కారణమేమి?

ఇ) మీ ఇంటిలో గాని, ఊరిలో గాని పెద్దలు పాడే పాటలలో ఇంకా ఎక్కడా నమోదు కానివానిని గుర్తించి, వాటిని భద్రపరచే విధానాన్ని గురించి ఒక పుటకు మించకుండా వ్రాయండి.