ఆ మచ్చ క్షయదేనా?

ఆడుకుంటున్న బిడ్డకు ఉన్నట్టుండి ఒక చెయ్యి కొట్టుకుంటుంది, మూతి ఓ పక్కకు లాగేస్తుంది. పెద్దవాళ్లు చేతిలో తాళాల గుత్తి పెడతారు. కాసేపటికి ఫిట్స్ వాటంతట అవే తగ్గుతాయి. తాళాలు చేసిందేమీ లేదు. అండమాన్‌లో బ్రూక్షాబాద్ అయినా, చిత్తూరు పల్లె అయినా బిడ్డను డాక్టరుకు చూపించి మెదడు స్కాన్ తీయించాల్సిందే. చాలాసార్లు అందులో కనిపించేది సెంటీమీటరో, అంతకంటే కాస్త పెద్దదో ఒక తెల్లని వలయం, దాని చుట్టూ వాపు.

సీటీ యంత్రాలు మన దేశానికి వచ్చిన కొత్తలో ఈ వలయం కనిపిస్తే క్షయ గడ్డేనని నెలల తరబడి టీబీ మందులు వాడించేవారు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందం అలాంటి చిన్న మచ్చలను కోసి తీసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షించింది. ఎక్కువ వాటిలో బయటపడింది క్షయ కాదు, పంది బద్దెపురుగు పిల్లదశలో కట్టుకున్న తిత్తి. మచ్చ ఒక్కటే ఉండి 20 మిల్లీమీటర్లు దాటకపోతే, మెదడును పక్కకు నెట్టకపోతే, చేతికాళ్ల బలహీనత రోజురోజుకూ పెరగకపోతే తిత్తినే ముందు అనుమానించాలని ఈ బృందం తేల్చింది. పెద్దగా, అంచులు వంకరగా ఉంటే క్షయ అనుమానం బలపడుతుంది.

వలయం లోపల ఓ పక్కకు ఒరిగి చిన్న చుక్క ఉంటే అది పురుగు తల. అది కనిపిస్తే అనుమానం దాదాపు తీరినట్టే. సీటీకి దొరకని చుక్క ఒక్కోసారి ఎంఆర్ఐలో దొరుకుతుంది. రక్తపరీక్షను మాత్రం పూర్తిగా నమ్మలేం. తిత్తులు చాలా ఉంటే పట్టుకుంటుంది గానీ, పిల్లల్లో తరచూ ఉండేది ఒక్కటే. అందుకే 'నెగెటివ్' అని వచ్చినంత మాత్రాన జబ్బు లేదనలేం.

"మేం పంది మాంసం ముట్టం కదా!" అంటారు తల్లిదండ్రులు. సరిగా ఉడకని మాంసంలోని తిత్తులు తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తి రావడానికి కారణం వేరు: ఆ పురుగున్న మనిషి మలంతో బయటపడ్డ గుడ్లు చేతుల ద్వారానో, నీటి ద్వారానో బిడ్డ నోట్లోకి చేరడం. 1990ల మొదట్లో న్యూయార్క్‌లో పంది మాంసమే తినని యూదు కుటుంబాల్లో ఈ జబ్బు బయటపడింది. ఇంట్లో వంటచేసేవారి నుంచి గుడ్లు చేరి ఉంటాయని పరిశోధకులు తేల్చారు. కాబట్టి బిడ్డతో పాటు ఇంటిల్లిపాదికీ, వంటమనిషికీ మలపరీక్ష చేయించడం మంచిది.

చికిత్సలో ఫిట్స్ మందు ముఖ్యం. ఆల్బెండజోల్, దానితో స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం. కంట్లో తిత్తి లేదని ముందే చూసుకోవాలి. కొన్ని నెలల తర్వాత మళ్లీ తీసిన స్కాన్‌లో మచ్చ కరిగిపోతే, లేదా సున్నపు చుక్కగా మిగిలితే, తొలి నిర్ధారణకు బలం చేకూరినట్టే. పెరిగితే మాత్రం ఆ మచ్చ ఏమిటన్న ప్రశ్న మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.